ముట్టకుండ మోగిన తీగ

మొన్న ఆదివారం పొద్దున చౌటుప్పల్‌ల మా కొడుకింట్ల, ముందరగదిల కూసోని చాయ్ తాగుకుంట పేపరు చూస్తున్న. మనవరాలు తన కరెంటు గిటారు ఒళ్లె పెట్టుకొని, అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి తీగకు తగలకుండ జర ఎత్తున పట్టుకొని, తీగను ఒక్కసారి మీటింది. మామూలుగనైతే ఆ మోత గుక్క తిప్పుకునే లోపల సన్నబడి పోవాలె. పోలే. ఒక్క తీరుగ, ఊపిరన్నది తీసుకోకుండ మోగుకుంటనే ఉన్నది, నా చేతిల చాయ్ చల్లారిపోయింది. దీని లోపల అయస్కాంతం ఉన్నది తాతా, అదే తీగను ఆడిస్తదని ఆ పిల్ల నాకు విడమరిచి చెప్పబోతే నాకు నవ్వాగలే. ఓసి పిచ్చిదానా, ఆ పని మీ నాయిన పుట్టకముందే నేను కల్వకుర్తిల చేసిన అంటే, తాత మళ్ల కోతలు మొదలుపెట్టిండన్నట్టు చూసి గదిలకు పోయింది. దానికి చెప్పలేకపోయిన ముచ్చట మీకు చెప్త. మా ఈడువాళ్లకైతే సగం చెప్పకముందే అర్థమైతది.

అరవైలనాటి మాట. శ్రీశైలం పోయే తొవ్వ మీద, కల్వకుర్తి బజార్ల నాకొక కిరాయి మడిగె, చిన్న దుకాణం, ఉండె. రేడియోలు బాగుచేసుడు, పెండ్లిళ్లకు మైకుసెట్లు ఇచ్చుడు నా పని. అప్పటి రేడియో అంటే ఇప్పటిలెక్క ఒత్తంగనే మాట్లాడేది కాదు. లోపలి గాజుబుడ్లు ఎర్రగ కాగినంకనే గొంతు సవరించుకునేది, అందాక దాని ముందర మనుషులు గుడి తలుపు తెరుస్తరన్నట్టు కూసునేటోళ్లు. ఇగ మైకుసెట్టు సంగతి అడగొద్దు. పెండ్లి పందిట్ల ఎవరో ఒక పెద్దమనిషి మైకు చేత పట్టుకొని సక్కగ పోయి స్పీకరు ముందర్నే నిలబడేటోడు, అంతే, కుయ్యిమని చెవులు చిల్లులు పడే కూత. స్పీకరు మోత మైకుల పడి, పెద్దగై మళ్ల స్పీకర్ల నుంచి వచ్చి, మళ్ల మైకుల పడి, ఆ తిరుగుడుకు ఇగ ఆపు లేదు. ఆ కూతకు పెండ్లిపిల్ల నాయిన మొదలు బాజాలోళ్ల దాక నన్ను తిట్టనోళ్లు లేరు. ఆ తిట్లు పడ్డ కూతే ఒకనాడు నన్ను ఒడ్డెక్కిస్తదని నాకేం తెలుసు.

నాకు పిల్లనిచ్చిన మామ కల్వకుర్తికి ఎడ్లబండి దూరంల ఉన్న ఊర్ల ఎవుసం చేసేటోడు. పగలంత నాగలి పట్టిన చేతితోనే ఏకాదశి వచ్చిందంటే తంబూర పట్టి తత్వాలు పాడేటోడు. ఆయన పాడంగ ఇన్నోళ్లకు, ఆ గొంతు ఎక్కడ ఆగుతదో, తీగ మోత ఎక్కడ మొదలైతదో తెలిసేది కాదు. ఆ తంబూర ఆయన గురువు ఉపదేశమిచ్చిననాడు చేతిల పెట్టింది. ఇచ్చేటప్పుడు రెండు మాటలు తీసుకున్నడట. దీని తీగకు ఎడమచెయ్యి తగలొద్దు, పరాయి చెయ్యి తగలొద్దు. ఆ ఇంట్ల ఆ మాట ఎంత గట్టిదంటే, నా భార్య పుట్టి పెరిగినన్ని రోజులు ఆ తంబూర బుర్రను తుడిచింది, కొయ్యను తుడిచింది గని తీగలను ఒక్కనాడు తాకి ఎరగదు. పెండ్లైన కొత్తల నేను తెలియక చెయ్యి చాపితే, అత్తమ్మ చేతిల చెంబు కింద పడేసి ఉరికొచ్చింది.

అట్లాంటి మామకు పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నోరు తప్పించిండు దేవుడు, మాట మంచిగనే ఉన్నది, గొంతూ ఉన్నది. దవాఖాన దగ్గరుంటదని మా కిరాయి ఇంటికి తోలుకొస్తిమి. ఎనకనే తంబూర, ఎర్ర గుడ్డ చుట్టుకొని బండిల వచ్చింది. వచ్చిందిగని ఏం లాభం, మామ దాని దిక్కు చూసి గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. పాట బంద్. పాటతోని మాట, మాటతోని బువ్వ కూడ తగ్గవట్టె. భజనోళ్లు వచ్చి మేం వాయిస్తం నువ్వు పాడు అంటే, పరాయి చెయ్యన్నడు. నేను ఎడమచేత్తో మీటుకో మామా, చెయ్యే కదా అంటే, పోయే ఈడుల ఇప్పుడు గురువుకిచ్చిన మాట తప్పాల్నా అన్నడు. హార్మోనియం తెస్తనంటే ఆ పెట్టె ఊపిరి నాకొద్దన్నడు. నాకు కోపం కూడ వచ్చింది, ఉన్నమాట చెప్తున్న, ముసలాయన మొండితనానికి ఇంట్ల ఆడోళ్లు ఏడుస్తుంటే ఎవరికి రాదు? ఒకనాడు నా భార్య పొయ్యికాడ కండ్లు తుడుచుకుంట, ఊరందరి పెట్టెలు మాట్లాడిపిస్తవు, మా నాయిన తీగ ఒక్కటి మోగిపియ్యలేవా, ఆయన పాడకుంటే దక్కడయ్యా అన్నది.

ఆ మాట ముల్లులెక్క దిగింది. మరునాడు ఒక పెండ్లిల మైకు మళ్ల కుయ్యిమంటే, అందరు తిడుతున్నరు, నేను మాత్రం నోరు తెరుసుకొని నిలబడ్డ. ఈ కూత ఆగది. ఎవరూ ముట్టరు, అయిన ఆగది. మైకు జాగల తీగ ఉంటే? తీగ ఆడుడును ఒక అయస్కాంతం ఇనాలె, దాన్ని రేడియో పెద్దగ చెయ్యాలె, ఇంకొక అయస్కాంతం తిరిగి ఆ తీగనే గుంజాలె. అప్పుడు కూత గుడ్డిగ అరవదు, తీగ ఏ శ్రుతిల ఉంటే ఆ శ్రుతిలనే నిలబడతది. పెండ్లి భోజనం కూడ చెయ్యకుండ ఇంటికొచ్చిన.

హైదరాబాదు చోర్‌బజార్ల పాత సామాన్ల ఎన్నడో కొన్న చెవులకు పెట్టుకునే టెలిఫోను జత ఒకటి మడిగెల పడి ఉండె. వాటి ముందరి రేకులు ఊడబీకితే లోపల అయస్కాంతం, దానికి చుట్టిన సన్న రాగితీగ. ఒకదాన్ని రేడియోకు చెవి చేసిన, ఇంకొకదాన్ని నోరు చేసిన. తంబూర మీద ప్రయోగాలు చేసే హిమ్మత్ ఎవరికున్నది, అందుకని ఒక చెక్కకు రెండు మొలలు కొట్టి ఉక్కు తీగ బిగించిన. చెవినీ నోటినీ దగ్గర పెడితే తీగతోని పనిలేకుండ అవి రెండే ఒకదాన్నొకటి చూసుకొని అరిచేటివి. ఒకదాన్ని ఆ కొసకు, ఒకదాన్ని ఈ కొసకు జరిపిన. అప్పుడు ఇంకో వింత. వేలితోని మీటితే మోగుడు అటుంచి, ఎవరో చెయ్యేసి నొక్కినట్టు తీగ టక్కున చచ్చేది. రెండు రోజులు తల పట్టుకున్నంక ఎరుకైంది, నోటికిచ్చిన వైర్లు ఉల్టా ఉన్నయి, తీగ ఇటు పోతాంటే అయస్కాంతం అటు గుంజుతాంది. వైర్లు మార్చిన. వేలితోని ఒక్క దెబ్బ కొట్టిన. మోగింది, మోగుకుంటనే ఉన్నది. బజార్ల పోయేటోళ్లు లోపలికి తొంగిచూసి ఏం పిచ్చి లేసింది వీనికి అనుకున్నరు. నేను ఆ పూట మడిగె మూసి మిఠాయి కొనుక్కొని ఇంటికి పోయిన.

మామకు చెప్తే అంత విని, తీగకు తగలదా అల్లుడా అని అడిగిండు. తగలదు మామా, గాలిలనుంచే గుంజుతదన్న. మరి ఎవరు వాయించినట్టు అన్నడు. మనిషి వాయించంది మోత అయితది, శ్రుతెట్లయితది అనుకుంట మళ్ల గోడ దిక్కు తిరిగిండు. నా భార్యే మంకుపట్టు పట్టి, ఏకాదశినాడు ఒక్కసారి చూడు నాయినా, నచ్చకుంటే ఈయన్ని, ఈయన డబ్బాలను బయట పారేస్త అన్నది. ఆమె పారేసే మనిషే.

ఏకాదశి పగటిపూట మామ మంచం పక్కన గొంగడి పరిచి, ఎర్ర గుడ్డ విప్పి తంబూరను పండబెట్టినం. నాలుగు తీగలల్ల ఇత్తడి తీగను అయస్కాంతం ఖాతరు చెయ్యదు గనుక నడిమి ఉక్కు తీగ మీద, తగలకుండ, కట్టె కాళ్ల మీద చెవినొకటి, నోటినొకటి నిలబెట్టిన. అత్తమ్మ, నా భార్య, భజనోళ్లు ఇద్దరు చుట్టూ కూసున్నరు. రేడియో కాగింది. మోత లేదు. జోరు పెంచిన. లేదు. వైర్లు చూసిన, అన్నీ సక్కగనే ఉన్నయి. అప్పుడు తట్టింది. చెక్క మీద అన్ని రోజులు నేను వేలితోని మీటి మొదలుపెట్టిన! ఆగకుండ మోగిపిచ్చుడు నేర్చిన గని, మొదటి కదలిక ఎవరిస్తరన్నది ఒక్కనాడు తలపుకు రాలే. అదే వేలు అలవాటుగ తీగ దిక్కు పోనే పోయింది. మామ కండ్లు నా వేలు మీద ఉన్నయి. చెయ్యి వెనుకకు గుంజుకొని, సిగ్గుతోని తలొంచుకొని కూసున్న. అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.

నేను చెయ్యి గుంజుకున్నందుకో ఏమో మామ మొఖం మెత్తబడ్డది. పాపం మస్తు కష్టపడ్డడు అల్లుడు అని, కండ్లు మూసుకొని, అన్ని నెలలకు మొదటిసారి గొంతు సవరించుకున్నడు. పాటకు కాదు, తన గొంతు ఎక్కడున్నదో చూసుకునేటందుకు సన్నగ శ్రుతి పట్టిండు. పాత జాగల అందలే. జర దించిండు. ఇంకా దించిండు. ఒకచోట తీగ లేచింది. ఎవ్వరూ ముట్టని తీగ, ఆయన గొంతుకు సన్నగ వణికి, ఆ వణుకును అయస్కాంతం పట్టుకొని, ఇల్లంత నిండింది. మంచానపడ్డ నెలలల్ల ఆయన గొంతు దిగింది, మీటేటోళ్లు లేక బిరడలు సడలి తీగ కూడ దిగింది, ఇద్దరూ దిగి ఒక్కచోటనే కలిసిండ్రు. మామ నోరు మూసినా తీగ ఆగలే. కండ్లు తెరిచి, తంబూరను చూసి, పడిపోయిన తన కుడిచేతిని చూసుకున్నడు. ఎవరు వాయించినట్టో ఇప్పుడు తెలిసిందా మామా అన్న. పాడిండు. నా భార్య నాయిన కాళ్లు పట్టుకొని ఏడ్చింది, భజనోళ్లు తాళం మరిచిండ్రు, నేను రేడియో వెనుక మొఖం పెట్టుకొని వైర్లు సదురుతున్నట్టు చేసిన.

ఆ తర్వాత ఆయన ఇంకా కొన్నేండ్లు బతికిండు, పాడుకుంట బతికిండు. నడిమిట్ల కరెంటు పోతే తీగ మెల్లగ సల్లబడేది, మామ మాత్రం ఆపకుండ పాడుతుండేటోడు, కరెంటొచ్చి బుడ్లు కాగంగనే ఆ గొంతుకే తీగ మళ్ల లేచేది. చివరి రోజులల్ల నన్ను దగ్గర కూసోబెట్టుకొని, ఇగ ఎడమ లేదు కుడి లేదు అల్లుడా, నా మాట నాతోనే పాయె, ఎవరన్న అడిగితే తంబూర ఇయ్యి, అడగనోళ్ల నెత్తిన మాత్రం పెట్టకు అన్నడు.

ఆ రేడియో పాయె, చెవులు నోళ్లు పాయె, మడిగె జాగల సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఇప్పుడు శ్రుతి కావాల్నంటే ఫోన్ల ఒక్కటి ఒత్తితే చాలు, మన గొంతు పిలిచేదాక అది ఆగే పని లేదు, గొంతు దించుకొని వెతుక్కునే పని లేదు. మంచిదే, కాదంటలేను. తంబూర మాత్రం ఈ ఇంట్ల, ఫ్రిజ్ పక్క మూలకున్నది. శనివారం శనివారం నా భార్య బుర్రను తుడుస్తది, కొయ్యను తుడుస్తది, తీగల దగ్గరకొచ్చేసరికి పాత అలవాటుకు చెయ్యి ఆపుతది. ముట్టొద్దన్న మాట మీద ఒకప్పుడు ఇల్లంత అల్లాడింది. ముట్టుకోవచ్చని ఆయన చెప్పిపోయి ఇన్నేండ్లాయె. మొన్న మనవరాలు ఆ నల్ల డబ్బా చేతపట్టుకొని తంబూర ముందర్నుంచే అటూ ఇటూ తిరుగుతాంటే, నేను పేపరు అడ్డం పెట్టుకొని చూస్తనే ఉన్న. ఆ పిల్ల అడగలే. అడిగితే ఇద్దామని ఇంకా కూసొనే ఉన్న.