ఆకు తిప్పి చూడనిదే పేరు చెప్పని బావ

మా బావ పోయాడని అక్క డోర్నకల్ నుంచి ఫోన్ చేసినప్పుడు, నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లు నాతో బండి తోలించి, ఆ ఒక్క మొక్క పేరు చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఆయన జనగామలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్పి రిటైరయ్యాడు. పూలూ కాయలూ ఉన్న మొక్కలు ఆయన కళ్లకు ఆనవు. తడి రాళ్ల సందుల్లో, పాత బావుల గోడల మీద పెరిగే ఫెర్న్ మొక్కలే కావాలి. వాటికి పువ్వు పూయదు, కాయ కాయదు. విత్తనాల బదులు ఆకు అడుగున గోధుమరంగు చుక్కలో గీతలో వస్తాయి. అవి చూస్తేగానీ ఏ ఫెర్నో తేల్చడానికి లేదట.

నా పెళ్లిచూపులకు నర్సింహులపేట వెళ్తుంటే కూడా కారు ఆపించాడు. అక్కడ మాట్లాడాల్సిన పెద్దమనిషి ఆయనే. పాడుబడ్డ బావిలోకి దిగి, ప్యాంటు నిండా పాకురు పూసుకుని పైకొచ్చాడు. మేమంతా కారులో ఉడికిపోతున్నాం. పోనీ ఏం మొక్కో చెప్పమంటే, చుక్కలు ఇంకా ముదరలేదు, మళ్లీ రావాలన్నాడు. అక్క నెత్తి కొట్టుకుంది. పిల్ల వాళ్లింట్లో అడుగుపెట్టగానే బోరు దగ్గర తొట్టి వెనక వంగి చూశాడు. ఆ సంబంధం ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అన్నిటికన్నా నన్ను సతాయించింది భూపాలపల్లి అవతల చిన్న వాగులాంటి ఒర్రె గట్టున ఉన్న ఫెర్న్. ఏటా తీసుకెళ్లమనేవాడు. ఒకసారి వానలు ఆగకముందే వెళ్లాం, ఇంకోసారి ఎండిపోయాక వెళ్లాం. ఎప్పుడు తిప్పి చూసినా ఆకు అడుగు నున్నగానే ఉండేది. విసుగొచ్చి, అందాజుగా ఏదో ఒక పేరు చెప్పరాదా బావా అన్నాను.

"ముందటికెల్లి అన్ని ఒక్కతీర్గనే కనవడ్తయ్ బామ్మర్ది. ఎనక సూడకుండ పేరు వెడితే, అది నేను పెట్టిన పేరైతది, దానిది కాదు."

మనుషుల సంగతిలోనూ అంతే. మా పక్కింటాయన పలకరించడం మానేశాడని నేను తిడుతుంటే, "ఎనక సూసినవా?" అన్నాడు. ఒళ్లు మండింది. తీరా కనుక్కుంటే, పాపం, ఆయనకు చెవులు వినపడటం లేదు.

ఆసుపత్రిలో చివరిసారి బావ నన్ను అడిగింది వానలు ఆగాయా అనే. ఆగాయి, నువ్వు లేస్తే పోదాం అన్నాను. లేవలేదు.

దినాలు అయ్యాక అక్క భూపాలపల్లి తీసుకెళ్లమంది. ఎన్నిసార్లు వెంట వచ్చినా కారు దిగని మనిషి, చెప్పులు విడిచి ఒర్రెలోకి దిగింది. ఆకు తిప్పింది. అడుగంతా గోధుమరంగు గీతలే. ఆ పొడి ఆమె వేలికి అంటుకుంది.

"వచ్చినయ్. ఇగ చెప్పుండ్రి," అంది. నాతో కాదు.

నాకు ఏడుపు ఆగలేదు. గీతలు కళ్లముందే ఉన్నాయి, వాటిని చూసి పేరు చెప్పడం మా ఇద్దరికీ రాదు. డోర్నకల్ చేరేదాకా అక్క ఆ వేలు కొంగుకు తుడుచుకోలేదు.