సలహా సంఘానికి నేను చేసిన మర్యాద

మర్యాదతో కొంప ముంచడం ఎలాగో నన్నడగండి! మొన్న అదే చేసేను. టీ తాగుతూ వినండి, నవ్వేక తిడుదురు గాని.

అమలాపురం దగ్గర మా కాలేజీ తెలుసుగా, దళితుల పిల్లల కోసం మిషన్ వాళ్ళు పెట్టింది. అందులో నేను కెమిస్ట్రీ లెక్చరర్ని, ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ని కూడా. తొంభయ్యారు తుఫానుకి హాస్టల్ పైకప్పు సగం లేచిపోయింది. వానొస్తే పిల్లలు పక్కలు చుట్టుకుని గోడవార కూర్చోవడమే. ఇలాంటి కాలేజీలకి ఏం కావాలో చూసి ప్రభుత్వానికి చెప్పడానికి ఒక సలహా సంఘం ఉంది. ఎన్ని దండాలు పెడితే వస్తామన్నారో! కప్పు చూపిస్తే చాలు, శాంక్షన్ ఖాయం.

ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మన గోదారోళ్ళకి పట్టే జబ్బు నాకూ పట్టింది. అంత పెద్దవాళ్ళని చిల్లుల కింద కూర్చోబెడతామా? టెంట్ హౌస్ వాళ్ళని పిలిచి పైన కుచ్చుల గుడ్డ కట్టించేను, పెళ్ళిపందిరిలా. చర్చి నుంచి ఫ్యాన్లు. ఆత్రేయపురం పూతరేకులు, బొండాలు! తిన్నాక గుడ్డ తీసి చూపిద్దామనే అనుకున్నాను లెండి.

సంఘం ఛైర్మన్ గారు వస్తూనే పైకి చూసి, "ఎంత కళగా ఉందమ్మా!" అన్నారు. సువార్త అని సెకండియర్ పిల్ల, "సార్, ఆ గుడ్డ పైనండీ..." అని మొదలెట్టింది. నేనూరుకుంటానా? "ముందు సార్ గార్ని తిననివ్వవే!" అని కసిరేను. మళ్ళీ వడ్డించేను. ఈలోగా డ్రైవరొచ్చి, "కాకినాడ మీటింగుకి లేటైపోతోందండీ" అన్నాడు. అందరూ లేచేరు.

కారు దాకా వెళ్ళి చెప్పేనండీ! "కప్పు కొంచెం రిపేరుందండి" అన్నాను. కొంచెం! "ఇంత బాగా చూసుకుంటున్నారు, అదెంతమ్మా" అని నవ్వి కారెక్కేశారాయన.

శాంక్షన్ ఇంకో కాలేజీకి వెళ్ళింది. టెంట్ వాళ్ళు గుడ్డ విప్పుకుపోయేక ముసురు పట్టింది. తడిసీ తడిసీ సువార్తకి జ్వరం. వాళ్ళ నాన్న ఉప్పలగుప్తం నుంచి ఆటో కట్టించుకుని వచ్చేడు. "చదువు మాట అలా ఉంచండి మేడమ్ గారూ, పిల్ల బతికుంటే చాలండి. తీసుకుపోతానండి" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడే ఆఫీసులో ఫోను మోగింది. ఛైర్మన్ గారు! "అమ్మా, ఉన్నదాంట్లో ఇంత బాగా నడిపేవాళ్ళు మాకు కావాలి. మిమ్మల్ని సలహా సంఘంలో మెంబరుగా వేస్తున్నాం" అన్నారు.

కిటికీలోంచి చూస్తే, సువార్త ట్రంకుపెట్టె ఆటోలోకి ఎక్కిస్తున్నారు. కళ్ళు తుడుచుకుని నేనేమన్నానో తెలుసా?

"ఆయ్, చాలా సంతోషమండీ! ఈసారి భోజనానికి ఉండేలా రండి!"