ఎస్సై జేబులో ఏముంది

అతీంద్రియ శక్తి ఉందా, ఉంటే లోకం ఎందుకు ఒప్పుకోదు అని ఎవరైనా వాదన మొదలుపెడితే నేను మెల్లగా లేచి వెళ్లిపోతాను. ఉందో లేదో నాకు తెలియదు. ఉందనుకుని నిండా మునిగినవాణ్ని మాత్రం నేనే. ఎంత లోతుకు మునిగానో వినండి.

అవి అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం. మా జగిత్యాల వైపు పిల్లలకు మాటలతోపాటే "నాకెరుక లేదు" అనడం నేర్పేవాళ్లు. పోలీసులు అడిగినా, అన్నలు అడిగినా అదే జవాబు. అలాంటి చోట ఇంటర్ మూడుసార్లు తప్పిన నేను మనోశక్తి మీద ఏదో పుస్తకం చదివి, నాకన్నీ ముందే తెలుస్తున్నాయని తిరగసాగాను. నుదుటి మధ్య దురద పెడితే అది సంకేతం. చెమటకాయలని అమ్మ అంటే జాలిపడ్డాను.

ఓ పొద్దున కోరుట్ల బస్టాండు హోటల్లో దురద పెట్టింది. "ఇయ్యాల సిరిసిల్ల బస్సు రాదు," అన్నాను, పది మందీ వినేలా. నిజంగానే రాలేదు. అన్నలు చెట్లు నరికి రోడ్డుకు అడ్డం వేశారట. మెచ్చుకుంటారని చుట్టూ చూస్తే నా బల్ల దగ్గర ఎవరూ లేరు. మధ్యాహ్నానికి స్టేషన్లో ఉన్నాను.

"నీకెట్ల ఎరుకరా?" అన్నాడు ఎస్సై.

"మనసుకు తెలిసింది సార్."

"గట్లనా. అయితే నా జేబుల ఏమున్నదో చెప్పు. తప్పు చెప్పినవో, నువ్వు గా అన్నల మనిషివే."

తప్పు చెబితే ఇక ఇల్లు చేరను. భయానికి దురద కూడా మాయమైంది. నోటికొచ్చింది అనేశాను. "గ్యాస్ మాత్రలు సార్."

ఎస్సై జేబు తడుముకున్నాడు. ముఖం నల్లబడింది. "అంటే నా మీద గూడ నిఘా వెట్టిండ్రా?"

జీవితంలో ఒక్క జవాబు ఒప్పైతే దానికే పోతున్నానని భోరుమన్నాను.

అంతలో అమ్మ వచ్చి కొంగుముడి విప్పి నా మార్కుల మెమోలు మూడూ బల్ల మీద పరిచింది. "సారూ, గీనికేం ఎరుకైతది. ప్రశ్నలు ముంగట వెట్టినా జవాబు ఎరుకలేకపాయె." ఎస్సై మూడూ చదివి, "తీస్కపో అమ్మా," అన్నాడు.

మూడోరోజు అన్నల వైపు నుంచి ఓ కొత్త మనిషి వచ్చి ఇంటి ముందు సైకిల్ ఆపాడు. "తమ్మీ, ఎస్సై జేబుల మాత్రలున్నయని నీకెట్ల ఎరుక? స్టేషన్‌కు మస్తు తిరుగుతున్నవా?"

అమ్మ మళ్లీ కొంగుముడి విప్పింది.

ఇది చెప్పేటప్పుడు నవ్వుతాను గాని, నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఆ ఏళ్లలో "నీకెట్ల ఎరుక" అన్న ప్రశ్నకు జవాబు లేక ఇల్లు చేరనివాళ్లు ఉన్నారు. వాళ్ల అమ్మల దగ్గర మెమోలు లేవు.

అప్పుడే అమ్మ తల మీద చెయ్యిపెట్టి ఒట్టేశాను. ఆకాశమంతా మబ్బు పట్టినా వాన వస్తుందని అనను. తడుస్తాను.