విడి అక్షరాల ముందు పెద్దమ్మ

మా చర్చి సంఘంలో ఆడవాళ్లం శుక్రవారం ఉపవాసం ఉంటాం. ప్రార్థన ముగిశాక, మూడింటికి ఉప్మా తిని టీ తాగేదాకా ఎవరూ ఇంటికి కదలరు. మొన్న వేసవిలో ఆ కాస్త సమయం కోసం నేనొక ఆట తయారు చేశాను. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం లావుగా రాశాను. బైబిలు వాక్యంలో వచ్చే ఒక మాట తీసుకుని, దాని ముక్కలను చాప మీద కలగాపులగంగా పరుస్తాను. మాట కూర్చినవాళ్లు దాని అర్థం కూడా చెప్పాలి. ఆ మాట తమ బతుకులో ఎక్కడ ఎదురైందో చెప్పడమే అర్థం చెప్పడం. జరిగింది పదిమందిలో సాక్ష్యంగా చెప్పుకోవడం మాకు అలవాటే కనుక అందరూ సరేనన్నారు.

ముందుగా పెద్దమ్మను పిలిచాను. ఆమె నాకు చుట్టం కాదు. ములకలపల్లి దగ్గర అడవి అంచున ఉన్న మా ఊళ్లో ఆమె అందరికీ పెద్దమ్మే. పన్నెండేళ్లుగా ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆమే. ఆమె గొంతు లేస్తే చంటిపిల్లలు కూడా సద్దుమణుగుతారు.

రు, ణ, క. మూడే ముక్కలు. ప్రార్థనలో ఆమె పదిసార్లు పలికే మాట కరుణ. మరీ తేలిక ఇచ్చానేమో అనుకున్నాను.

ఆమె ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి తలకిందులుగా పెట్టింది. మళ్లీ తీసింది. కండ్లద్దాలు ముక్కు మీదనే ఉన్నయి కదా, ఇంకేం ఎతుకుతున్నవని ఒకామె ఆటపట్టిస్తే అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. తల తిరుగుతోందని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున గ్లూకోజ్ పొడి తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఒంట్లో ఎలా ఉందని అడిగాను. చేతిలో పని ఆపకుండానే చెప్పింది.

"పానం మంచిగనే ఉంది. నాకు అక్షరం ముక్క రాదు టీచరమ్మా."

హాస్యమనుకున్నాను. ఆమెకు చదువు నేర్పింది నేనే. రేకుల షెడ్డులో ఎనిమిది మంది ఆడవాళ్లను కూర్చోబెట్టి నేర్పాను. చదవడం వచ్చిందని సంతకం చేసి కాగితం ఇచ్చింది కూడా నేనే.

"నువ్వు మంచిగనే చెప్పినవ్. నాకే ఎక్కలే" అంది.

నేను గడప మీదే కూర్చుండిపోయాను. నేను నేర్పింది బైబిలు వాక్యాలతో. అవి వాళ్లకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. వాటితో మొదలుపెడితే చదువు తొందరగా పట్టుబడుతుందని నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. వాళ్లు వరుస కింద వేలు జరుపుతూ అప్పజెప్పారు. నేను దాన్ని చదవడం అనుకున్నాను. మాట మాటకూ మధ్య ఖాళీ చూసి ఆమె వేలు జరిపేదట. నేను ఆగిన చోట ఆగేదట.

మరి ఇన్నేళ్ల ఆదివారాలో? ప్రతి గురువారం మా ఇంటికి వచ్చి, ఎట్ల చదవాలో ఒక్కసారి వినిపించమనేది. అది వినయమని మురిసిపోయేదాన్ని. ఒక్కసారి వింటే ఆమెకు చాలు. పుటలో రిబ్బను పెట్టి ఇచ్చేది కూడా నేనే. పన్నెండేళ్లు నా చేతులతోనే జరిగిన సంగతి నాకు తెలియలేదు.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"నా వేలు ఆఖరు మాట కాడికి పోంగనే నువ్వు ఏడ్చినవ్. ఇది దేవుని కార్యమని గుడిల నిలబడి సాక్ష్యం చెప్పినవ్. ఇగ నేనేమని చెప్పాలె?"

నిజమే. మా గుడిలోనే కాదు, పెనుబల్లి ప్రార్థన కూడికలలో కూడా చెప్పాను. అబద్ధ సాక్ష్యం ఎంత పాపమో పిల్లలకు బోధించే నేను, తెలియకుండానే ఊరూరా అదే చెప్పి వచ్చాను.

ఆమె చేతులు తుడుచుకుంది. "రేపు నాతోని చదివిస్తవా, చదివియ్యవా? గా ఒక్కటి తియ్యకు. పది మందిల నేను నిలబడేది గాడనే."

గ్లూకోజ్ పొడి గడప మీద పెట్టి వచ్చేశాను. ఆ రోజంతా మోకాళ్ల మీదే ఉన్నాను. ఆమెను తప్పిస్తే నా తప్పుకు శిక్ష ఆమెకు పడుతుంది. చదివిస్తే దేవుని ముందు తెలిసి నటించినట్టు అవుతుంది.

ఆదివారం ఆరాధన మొదలుకాగానే నేను లేచి, నా సాక్ష్యం తప్పని ఒప్పుకున్నాను. నేను నేర్పలేదు, నేర్పాననుకున్నాను అన్నాను. పెద్దమ్మ నన్ను చూసిన చూపు నేను మరచిపోలేను. పాస్టరు అయ్యగారు పుస్తకం మూసే చెప్పు పెద్దమ్మా అన్నారు. ఆమె వచ్చి నిలబడింది. అధ్యాయమంతా చెప్పింది. ఒక్క మాట తప్పలేదు. అయినా కిందికి దిగాక నావైపు చూడలేదు.

మూడు వారాలు నాతో మాట్లాడలేదు. గురువారాలు మా గుమ్మం బోసిపోయింది. నాలుగో గురువారం మధ్యాహ్నం చెప్పులు విప్పి లోపలికి వచ్చింది.

"పరువైతే తీసినవ్. ఇగ చదువన్న చెప్పు."

ఈసారి వాక్యం ముట్టుకోలేదు. ఆమెకు నోటికి వచ్చిన మాట ఏదీ వాడలేదు. ముందు ఒక్కో అక్షరం, నెలకు పైగా. తర్వాత మూడు ముక్కలు కలిపి పరిచాను: ల, క, ప. నేను మనసులో అనుకున్న మాట పలక.

ఆమె చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. నా ముఖంలోకి చూడలేదు, చూస్తుందేమోనని నేనే తల తిప్పుకున్నాను. ఒక్కో ముక్క జరిపి ఆగింది. చూస్తే క, ల, ప.

ఆ మాట నేను చెప్పింది కాదు, అనుకుంది కూడా కాదు. నా నోటి నుంచి గానీ నా కళ్ల నుంచి గానీ అందుకోవడానికి అక్కడేమీ లేదు. అక్షరాల్లోంచే తీసింది.

అర్థం చెప్పమన్నాను.

"టేకు దుంగలు" అంది. "డిపోల మా ఆయన మోసేటోడు. గా డిపో బోర్డు కిందనే సద్దిమూట పట్టుకొని కూసునేదాన్ని. దాని మీద గిదే రాసి ఉంటదా?"