కుప్పం రేసులో ఆగిన చోటు

సైకిల్ తొక్కడం నేను ఇష్టపడి మొదలుపెట్టలేదు. షుగర్ వచ్చింది. డాక్టర్ నడవమన్నాడు. మదనపల్లెలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే అంగడి నాది. పొద్దున్నే ఊళ్లో నడుస్తుంటే ప్రతి రైతూ ఎదురొచ్చి టమోటా ఆకుముడత గురించి అడుగుతాడు. కొందరు ఆకు జేబులోనే పెట్టుకుని తిరుగుతుంటారు. నడకకు వెళ్లి అంగడికి వెళ్లినట్టే తిరిగొచ్చేవాణ్ణి. ఆ బాధ పడలేక సైకిల్ కొన్నాను.

అప్పటికే పుంగనూరులో ఒక కాలేజీ లెక్చరర్ సైకిల్ జట్టు పెట్టాలని మనుషుల కోసం వెతుకుతున్నాడు. జట్టంటే ఆయనొక్కడే. నేను రెండోవాణ్ణి అయ్యాను. ఆయన్ని సార్ అంటాం. ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండాలంటాడు. నీళ్ల సీసా ఏ చేత్తో తీయాలో, అరటిపండు ఎక్కడ తినాలో కూడా చెబుతాడు. మూడోవాడు మా ఊరి టైలర్. ఆయన్ని భాయ్ అంటాం. మా జెర్సీలు ఆయనే కుట్టాడు. నా పొట్ట కొలత తీస్తూ, "గుడ్డ సరిపోదన్నా, ఇంకో ముక్క తెప్పించాల," అని అంగట్లో అందరికీ వినపడేలా అన్నాడు. అలా మొదలైంది మా స్నేహం.

మొదటి సీజన్లో మాకు పద్ధతీ లేదు, పాడూ లేదు. ఒక ఆదివారం పుంగనూరు వెళ్తుంటే భాయ్ టైరు పంక్చరైంది. మేం చూసుకోలేదు. సారూ నేనూ ఒకరినొకరు దాటుకుంటూ పోయి బస్టాండు దగ్గర టీ తాగుతూ కూర్చున్నాం. భాయ్ ఇంకా రాలేదని ఎగతాళి చేసుకుంటూ ఇంకో టీ తాగాం. అక్కడ ఆయన రోడ్డు పక్కన వంగి ట్యూబు తీస్తుంటే, టమోటా బాక్సులతో పోతున్న ఆటో తగిలి కాలువలో పడ్డాడు. భుజం ఎముక విరిగింది. ఫోన్ జేబులోనే ఉంది, తీయడానికి చెయ్యి లేవలేదు. దారిన పోయే ఎవరో చూసి ఆసుపత్రికి చేర్చాక మాకు తెలిసింది. చాలా కాలం ఆయన కత్తెర పట్టుకోలేకపోయాడు. పండగ కుట్టుపనంతా వేరే అంగళ్లకు పోయింది. ఆయన మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత సార్ ఒక్కటే కట్టడి పెట్టాడు. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. ఎవరైనా "నిలు" అని అరిస్తే, ఎంత జోరులో ఉన్నా, ఎంత ముందు ఉన్నా, బ్రేకు పట్టాలి. ఎందుకని అడగకూడదు. రేసుల్లోనూ అంతే. దానివల్ల మేం ఎన్ని రేసుల్లో చివర వచ్చామో చెప్పుకుంటే సిగ్గు. పలమనేరు జట్టువాళ్లు మమ్మల్ని చూసి, "పెండ్లివాళ్లు వస్తాండారు, దారి ఇడవండి," అనేవాళ్లు. అననీ అనుకునేవాళ్లం. మాకు గెలుపు కంటే సాయంత్రం అందరం ఇళ్లకు చేరడం ముఖ్యం అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. నిజానికి గెలిచే కాళ్లు మాలో ఎవరికీ లేవు.

గెలిచే కాళ్లు తర్వాత వచ్చాయి. పలమనేరులో ఒక రేసు. చుడీదార్ కాళ్ల దగ్గర పిన్నీసులు పెట్టుకుని, వెనక క్యారియర్ ఉన్న మామూలు సైకిల్ మీద ఒక అమ్మాయి నా పక్కకొచ్చి, "రోంత పక్కకు రాన్నా," అని దాటిపోయింది. నా సైకిల్ ఖరీదు నాకు గుర్తొచ్చి ఒళ్లు మండింది. రేసు అయ్యాక సార్ వెళ్లి ఆమెతో మాట్లాడాడు. రామకుప్పం పక్క పల్లె. అడవి అంచున వాళ్లకు కాస్త రాగిచేను ఉంది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటోంది. కాలేజీకి పోయినన్నాళ్లూ బస్సు దొరక్క సైకిల్ మీద తిరిగిన కాళ్లవి. సార్ తన పాత రేసు సైకిల్ ఆమెకిచ్చాడు. సీటు దించి, హ్యాండిల్ సరిచేశాడు. భాయ్ ఆమె కొలతకు జెర్సీ కుట్టాడు. ఆదివారం ఆమె ఇటు తొక్కుకుంటూ వచ్చేది, మేం అటు పోయేవాళ్లం, పలమనేరులో కలిసేవాళ్లం.

ఆ సీజన్లో మేం ముగ్గురం మొదటిసారి ఒక పనికి పనికొచ్చాం. ముందు తొక్కేవాడు గాలిని అడ్డుకుంటే వెనకవాళ్లకు సగం శ్రమ తగ్గుతుంది. మేం వంతులు వేసుకుని ముందుండేవాళ్లం, ఆమె మా వెనక దాక్కుని బలం మిగుల్చుకునేది. చివర్లో మమ్మల్ని వదిలేసి పోయేది. మా రేసుల్లో ఆడా మగా కలిసే బయల్దేరతారు, గెలుపు మాత్రం వేరువేరుగా చూస్తారు. మదనపల్లెలో ఆడవాళ్లలో ఆమె రెండోది, పుంగనూరులో మొదటిది. ఆ రోజు భాయ్ ఇంటి నుంచి డబ్బాలో బిరియానీ వచ్చింది. నేను షుగర్ సంగతి మర్చిపోయి తిన్నాను. సార్ నన్ను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

సీజన్లో చివరి రేసు కుప్పంలో. అక్కడ మొదట వచ్చిన అమ్మాయిని రాష్ట్ర జట్టు ఎంపికకు పంపుతారు. ఆమె వయసుకు అదే ఆఖరి అవకాశం. రాష్ట్ర జట్టులో తొక్కితే క్రీడల కోటాలో ఉద్యోగం అడగొచ్చు. అది కాకపోతే ఏం జరుగుతుందో కూడా ఆమె మాకు దాచలేదు. ఏనుగులు రెండేళ్లుగా రాగిపంటను తొక్కేస్తున్నాయి. బెంగుళూరులో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో మేనమామ కూతురు పనిచేస్తోంది, అక్కడ ఖాళీ ఉంది. వాళ్ల నాన్నతో నేను ఒకసారి ఫోన్లో మాట్లాడాను. "ఈ ఒక్క తూరి సూస్తామప్పా. దానికి ఆశ ఉండాది. కాలేదంటే పనికి పోవాల, ఇంగేం సేసేది," అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ ఫ్యాక్టరీలో షిఫ్టులు మారుతుంటాయి. అక్కడికి పోయాక సైకిల్ మాట ఉండదు.

రేసుకు ముందు, బయల్దేరే గీత దగ్గర సార్ మమ్మల్ని దగ్గరకు పిలిచాడు. "ఈరోజు ఆ కట్టడి లేదు. ఎవరు పడినా ఎవరూ ఆగొద్దు. పాపను కొసదాకా చేర్చడమొక్కటే మన పని," అన్నాడు. భాయ్ నవ్వి, "నేను పడితే లేసి దులుపుకుని బస్సెక్కి వస్తా. నా మొగం సూడొద్దు, పోతా ఉండండి," అన్నాడు. ఆమె తలూపింది. అందరం తలూపాం.

ఆ రోజంత బాగా మేం ఎప్పుడూ తొక్కలేదు. శాంతిపురం వైపు పోయి తిరిగి కుప్పానికి రావాలి. చిత్తూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గట్టి పోటీ. చాలా దూరం మా వెనకే అంటిపెట్టుకుని వచ్చింది. తిరుగుదారిలో ఒక ఎత్తు మీద సార్ జోరు పెంచితే ఆ అమ్మాయి, ఆమె జట్టువాళ్లిద్దరూ వెనకబడ్డారు. మేం నలుగురం మాత్రం ఒకే వరసలో మిగిలాం. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది, అయినా సంతోషంగా ఉంది. మాలో ఎవరికీ రాని గెలుపు ఈ పిల్లకు వస్తోందని, అందులో నా కాళ్ల వంతు కూడా ఉందని పొంగిపోయాను. ఇంక కుప్పం ఇళ్లు కనిపిస్తున్నాయి. నేను వంతు దిగి పక్కకు తప్పుకున్నాను. ఆమె ముందుకొచ్చింది. వెనక నేను, నా వెనక సార్, చివర భాయ్.

భాయ్ ముందు టైరు పగిలింది. ఆయన పడలేదు. సైకిల్ అటూ ఇటూ ఊగి రోడ్డు అంచుకు పోయింది, దాన్ని పట్టుకుని వంగి నిలబడ్డాడు. అదే సమయానికి గ్రానైటు రాళ్లు వేసుకున్న లారీ వెనక నుంచి వస్తోంది. సార్ తిరిగి చూశాడు. రోడ్డు పక్కన వంగి ఉన్న భాయ్, మీదికొస్తున్న బండి. "నిలు" అని అరిచాడు.

లారీ భాయ్‌కు దూరంగానే పోయింది. ఏమీ కాలేదు. కానీ అప్పటికి నేను బ్రేకు పట్టి దిగేశాను. సార్ సైకిల్ రోడ్డు మీదే పడేసి భాయ్ వైపు పరిగెత్తుతున్నాడు, నేనూ ఆయన వెంట పరిగెత్తాను. భాయ్ చేతులు రెండూ ఊపుతూ, "నాకేం కాలే, యాల దిగినారు, పోండి, పోండి," అని అరుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, ఆమె ఒక కాలు నేల మీద పెట్టి నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"పోమ్మా," అని అరిచాను. ఆమె కదల్లేదు. సార్ కూడా అరిచాడు. అప్పుడు ఎక్కింది. బరువు గేరులో ఆగిపోయిన సైకిల్, మొదటి తొక్కులకు కదలనే లేదు. చిత్తూరు అమ్మాయి తన ఇద్దరు మనుషుల మధ్య ఆమె పక్కనుంచి దూసుకుపోయింది. ఎదురుగాలి. మా పిల్ల ఒక్కతే వాళ్ల వెంటపడింది. చూస్తూ నిలబడటం తప్ప మేం చేసింది లేదు. రెండోది వచ్చింది.

కుప్పం నుంచి తిరిగొచ్చాక మా ముగ్గురికీ సరిగ్గా మాటల్లేవు. భాయ్ టైరు తనది కాబట్టి తప్పు తనదంటాడు. ఆదివారాలు రావడం మానేశాడు. నేను ఆయన అంగడికి వెళ్లి కూర్చుంటే మిషను ఆపకుండా, "నా నసీబు ఆ పిల్లకు తగిలింది అన్నా," అన్నాడు. అరుపు తనది కాబట్టి తప్పు తనదంటాడు సార్. నాకు ఇద్దరి మీదా కోపమే. వద్దని చెప్పినవాడే అరవడమేమిటని సార్‌ని ఫోన్లోనే తిట్టాను. కొత్త టైరు వేయించుకోమని ఎన్నిసార్లు చెప్పానని భాయ్‌ని తిట్టాను. ఆమె మీద కూడా లోపల్లోపల కోపంగా ఉంది. చెప్పాం కదా, ఎందుకు ఆగాలి? అంగడికొచ్చిన రైతుల మీద కసురుకుంటుంటే మా ఆవిడ, "ఆ మందులు నువ్వే రోంత తాగు, సల్లబడతావు," అంది.

ఆ పిల్ల ఫోన్ ఎత్తలేదు. చాలా రోజులకు, సార్ ఇచ్చిన సైకిల్ తీసుకుపొమ్మని కబురు పంపింది. ముగ్గురం వ్యాన్ మాట్లాడుకుని వెళ్లాం. ఎట్లాగైనా సైకిల్ ఆమె దగ్గరే ఉంచి రావాలని దారిలో అనుకున్నాం. బెంగుళూరులో కూడా ఆదివారాలు ఉంటాయి కదా అని చెబుదామనుకున్నాం.

వాళ్ల నాన్న మంచం వాల్చి మజ్జిగ ఇచ్చాడు. ఆమె సైకిల్ కడుగుతోంది. గొలుసు కూడా విప్పి తుడిచి మళ్లీ వేసింది. ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చేసిందట. సార్ సైకిల్ ఉంచుకోమన్నాడు. ఆమె వద్దంది. వాళ్ల నాన్న, "ఇంట్లో పెట్టుకుంటే దాన్నే సూస్తా కూర్చుంటాది. తీసకపోండప్పా," అన్నాడు.

భాయ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సార్, "నా అరుపే నిన్ను ముంచిందమ్మా," అన్నాడు.

ఆమె గుడ్డ పిండి గోడ మీద వేసి, మా వైపు తిరిగింది. కోపం లేదు. కోపమైనా ఉంటే తట్టుకునేవాణ్ణి.

"మీ అరుపుకు నేను నిలబడల్యా సార్. అరుపు ఇన్నాక గూడా తొక్కతానే ఉండాను. ఎనక ఎవురూ వస్తాండ్ల్యా అని తిరిగి సూసినా. మీరు భాయ్ కాడికి పోతాండారు. అది సరే, ఎవురన్నా పోవాల కదా. అన్న గూడా దిగి అటే పోతాండాడు. ఇద్దరిలో ఒకరు నాతో వచ్చింటే నేను పోయిందును. అందరూ ఆడ్నే ఉంటే, నేనొక్కదాన్నే యాడికి పోయేది అనిపిచ్చె."

ఇన్నాళ్లూ టైరుదా తప్పు, అరుపుదా తప్పు అని వాదించుకున్నాం. ఒకరు ఆగితే అందరూ ఆగాలని సార్ పెట్టిన కట్టడి మాకు ఎంత నచ్చిందంటే, ఎవరైనా ఒకరు ముందుకు పోతుంటే వాళ్లతో ఎవరు పోవాలో మేం ఎన్నడూ అనుకోనేలేదు. పడ్డవాణ్ణి లేపడమే మాకు తెలిసిన స్నేహం. గెలిచే మనిషికి కూడా తోడు కావాలని మాకు తట్టలేదు.

సైకిల్‌ను ఆమే తోసుకొచ్చి వ్యాన్లో పెట్టింది, గీతలు పడకుండా కింద గోనెసంచి వేసింది. భాయ్ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. నేను "జాగ్రత్తమ్మా," అని మాత్రం అన్నాను. సోమవారం పొద్దున ఆమె కుప్పంలో బెంగుళూరు రైలు ఎక్కింది.