ఎర్రగీతలు పడని నాలుగో అధ్యాయం

బీటెక్ ఆఖరి సంవత్సరంలో నా ప్రాజెక్టు రిపోర్టు మీద మా గైడ్ మేడం సంతకం పెట్టలేదు. శనివారంలోగా సంతకం పడకపోతే వైవాకు కూర్చోనివ్వరు. మళ్లీ ఆరు నెలలు ఆగాలి. మంగళవారం మహబూబ్‌నగర్‌లో మా కాలేజీ స్టాఫ్ రూములో ఆ కట్ట నా చేతికి తిరిగొచ్చింది. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ అందులో నలభై ఒక్క శాతం వేరేచోట ఉన్న రాతేనని తేల్చింది. పాతిక దాటకూడదు.

నేను రాసింది కోస్గి దగ్గరి మా ఊరి బోర్ల గురించి. ఎండిపోయిన పదిహేడు బోర్లు, ఒక్కోదాని లోతు, వేసిన సంవత్సరం, ఎండిన సంవత్సరం. ఆ పట్టిక నాలుగో అధ్యాయంలో ఉంది. సాఫ్ట్‌వేర్ గీసిన ఎర్రగీతలన్నీ మూడో అధ్యాయంలో ఉన్నాయి. ఆ అధ్యాయం ఒక సీనియర్ పెన్‌డ్రైవులో ఇచ్చినది. "వాడుకో తమ్మీ, నేను గూడ మా సీనియర్‌దే వాడిన" అన్నాడు. హాస్టల్లో అందరం అట్లాగే చేసేవాళ్లం.

"అడిగే తీసుకున్న మేడం" అన్నాను.

"ఆయన ఇచ్చిండు, మంచిదే. చదివేటోళ్లు నువ్వు రాసినవనే అనుకుంటరు గదా?"

అడిగి తీసుకున్నది తప్పెలా అవుతుందో నాకు తోచలేదు. మేడం నాలుగో అధ్యాయం తిప్పారు. ఒక్క గీత కూడా లేదు. కొంచెం ధైర్యం వచ్చింది.

"ఈ లోతులు ఎక్కడివి?"

"మా బాపు చెప్పిండు మేడం. బోరు బండి మీద పనిచేసిండు."

"మరి ఆయన ముచ్చట ఇందులో ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. నేనే చేసిన క్షేత్ర పరిశీలనలో తేలినట్టు రాసుకున్నాను.

"మిషను పట్టింది ఒకటే. నాకు ఈ రెండోది ఇంకా పెద్దగ కనపడ్తాంది" అని కట్ట మూసి ఇచ్చారు.

సాయంత్రం ఊరికి పోయే బస్సులో ఫోనులో రెండు వరుసలు రాసుకున్నాను. అడిగి తీసుకున్నది: పట్టుబడింది. అడగకుండా నాదని రాసుకున్నది: పట్టుబడలేదు. మూడో వరుస ఏం రాయాలో తెలియలేదు.

బాపు వాకిట్లో డ్రిప్ పైపులు చుడుతున్నాడు. రిపోర్టులో తన పేరు పెట్టాలని చెప్పాను.

"ఎందుకురా, బోర్లు ఎండినందుకు నా మీద కేసు పెడ్తరా?"

పట్టిక చదివి వినిపించాను. తొమ్మిదో వరుస దగ్గర ఆపాడు.

"గీడిదాంకనే నేను చూసినయి. తర్వాతయి బండి డ్రైవర్ చెప్పినయి. అప్పటికి నేను పని ఇడిసిపెట్టిన."

"ముందే చెప్పొద్దా బాపు?"

"లోతెంత అన్నవు, చెప్పిన. ఎవలు చెప్పిండ్రని అడిగినవా?"

ఇప్పుడు కొల్లాపూర్ దిక్కు ఉంటున్న ఆ డ్రైవర్‌కు ఫోన్ చేశాడు. ఆ ఎనిమిదింట్లో ఆరు తాను చూసినవే అన్నాడాయన. మిగిలిన రెండూ ఎవరో రైతు చెప్పినవట, ఎవరో యాదికి లేదట.

మూడు రోజులు కూర్చుని మూడో అధ్యాయం మళ్లీ రాశాను. సీనియర్ ఫైలు మూసేసి రాసినా వాక్యాలు అతని వరుసలోనే వచ్చాయి. చివరికి ఆధారంగా అతని రిపోర్టు పేరు అధ్యాయం కింద వేశాను. అతని సీనియర్ ఎవరిది తీసుకున్నాడో అతనికీ తెలియదు. పట్టికలో 'ఎవరు చెప్పారు' అని కొత్త నిలువు వరుస చేర్చి బాపు పేరూ డ్రైవర్ పేరూ రాశాను. శాతం పంతొమ్మిదికి దిగింది.

శనివారం మేడం శాతం చూడలేదు. కొత్త వరుసలో రెండు ఖాళీ గళ్ల దగ్గర వేలు పెట్టారు.

"తీసెయ్యాల్నా మేడం?"

"ఎందుకు? తెలియదని రాయి."

అక్కడే నిలబడి పెన్నుతో రెండుసార్లు 'తెలియదు' అని రాశాను. అప్పుడు సంతకం పెట్టారు.