ఎడమవైపు బ్రేకు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే చాలు, నేను అక్కడినుంచి లేచిపోయేదాన్ని. మా బళ్లో టీచర్ల గదిలో వాన పడితే ఇవే ముచ్చట్లు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకునేవాళ్లు. "మీకు పనీపాటా లేదా? పేపర్లు దిద్దుకోండి" అని కసిరేదాన్ని. పోయినవాళ్లు దేవుని దగ్గరికి పోతారని నమ్మే ఇంట్లో పుట్టాను. అలాంటివాళ్లు తిరిగొచ్చి నాంపల్లి సందుల్లో తిరుగుతారంటే నాకు నవ్వొచ్చేది.

ఇప్పటికీ ఇంకొకరి దయ్యం కథ చెబితే నేను నమ్మను. నాకు జరిగింది మాత్రం జరిగింది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, మీరేమనుకున్నా సరే.

డెబ్బైలు మొదలైన కొత్తలో సంగతి ఇది. మా ఆయన పేరు రత్నం, మెదక్ వైపు మనిషి. నాంపల్లి స్టేషను వెనక సందులో కార్లు బాగుచేసే చిన్న కార్ఖానా ఉండేది. జాఫర్ చాచా అనే పెద్ద మిస్త్రీ దగ్గర పని నేర్చుకుని, తర్వాత ఆయనతోనే కలిసి దాన్ని నడిపేవారు. నేను అబిడ్స్‌లో ఒక బడిలో లెక్కల టీచర్ని. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరమే, ఆయనకు నేను, నాకు ఆయన.

ఒకరోజు ఆయన ఇంకో బండికి తాడు కట్టి ఒక కారును ఈడ్చుకొచ్చారు. ఒక దేవిడీ బంగళాలోని కుర్ర నవాబు విదేశం నుంచి తెప్పించుకున్న పందెం కారు అది. ఇంజను పట్టేసిందని మూలన పడేశాడట. తీసుకుపొమ్మంటే ఈయన పెన్నిధి దొరికినట్టు తెచ్చుకున్నారు. చిన్న ఎర్ర కారు, నేలకు ఆనుకుని బల్లిలా ఉంది. దాని ఇంజనుకు సూపర్‌చార్జరు ఉండేది. అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కూరే పంపు. ఇప్పటి పిల్లలు టర్బో అంటున్నారే, దానికి పెద్దక్క అనుకోండి. టర్బోను పొగ తిప్పుతుంది, దీన్ని ఇంజనే బెల్టుతో తిప్పేది.

లోపల చూస్తే ఒకటే సీటు. "నేనెక్కడ కూర్చోవాలి, మీ నెత్తిమీదా?" అన్నాను.

"నువ్వే నడుపుతవ్. నేను పక్కన సీటేస్కొని దొరలెక్క కూసుంట" అన్నారాయన.

"పందెం గుర్రాన్ని తెచ్చి టాంగాకు కడతారా?"

"ఔ, కడత. సూస్కో."

అన్నట్టే కట్టారు. అది మామూలు పని కాదని అప్పుడు తెలిసింది నాకు. పందెంలో పరుగెత్తే కారుకు ఆగడం తెలియదు. అబిడ్స్ చౌరస్తాలో పోలీసు చెయ్యెత్తితే చాలు, నిలబడ్డచోటే నీళ్లు మరిగి ముందునుంచి ఆవిర్లు. దానికి వేరే ఫ్యాను పెట్టారు. నెమ్మదిగా నడిపితే ప్లగ్గులకు మసి పట్టేది, అవి మార్చారు. గాలిపంపుకు పెద్ద చక్రం వేసి దాని దూకుడు తగ్గించారు. చెవులు చిల్లులు పడే మోత పోవడానికి సైలెన్సరు తగిలించారు. క్లచ్ తొక్కితే నా పిక్క పట్టేసేది. "ఇది కారా, రోకలిబండా?" అని నేను తిడితే, నవ్వి అదీ, బండి స్ప్రింగులూ విప్పి మెత్తగా చేశారు. పనులన్నీ అయ్యాక సాయంత్రం పూట నా ఒక్కదాని కోసమే ఈ పని. చాచా గొణిగేవాడు, "పిచ్చోడు వీడు. పులి గోళ్లు కత్తిరిస్తుండు."

ఆఖరుగా ఎడమ సీటు ముందు, కింద ఒక బ్రేకు పెడలు పెట్టారు. నాకు నేర్పేటప్పుడు నేను తొక్కకపోతే తను తొక్కడానికి. దానికోసం నా కుట్టుమిషను తొక్కుడు పలకను కోసుకొచ్చారు, నన్ను అడక్కుండా! ఆ రోజు ఇంట్లో జరిగిన యుద్ధం ఇక్కడ రాయను.

ఆ పెడలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడినుంచి ఒక వైరు నా బ్రేకుకు పోయేది. ఎడమది తొక్కితే వైరు లాగి నాది కూడా కిందికి పోతుంది. నేను నాది తొక్కితే మాత్రం వైరు వదులవుతుందే తప్ప ఎడమది కదలదు. అంటే ఎడమ పలక నేలకు దిగాలంటే అక్కడ ఒక కాలు ఉండాలి. వేరే దారి లేదు.

సాయంత్రాలు నేర్పేవారు. ఆ రోజుల్లో ఆడమనిషి కారు నడిపితే గన్‌ఫౌండ్రీ బ్యాంకుల దగ్గర గుమాస్తాలు మెట్లమీద నిలబడి చూసేవాళ్లు. నేను కళ్లప్పగించి వాళ్లనే చూస్తుంటే ఆయన కాలు ఠక్కున పడేది, కారు ఆగేది. "రోడ్డు గాడుంది, గీడ కాదు" అనేవారు. కోప్పడటం తెలియని మనిషి.

ఒక మంగళవారం మధ్యాహ్నం క్లాసులో ఉండగా కబురొచ్చింది. కార్ఖానాలో నిలబడి చాచాతో మాట్లాడుతూ మాట్లాడుతూ కూలిపోయారట. గుండె. నేను దవాఖానకు చేరేసరికి దుప్పటి కప్పేశారు. పొద్దున బడికి పోయేటప్పుడు ఉప్మాలో ఉప్పు గురించి ఏదో అనుకున్నాం. మా ఇద్దరి మధ్య చివరి మాట అదే.

చర్చిలో ఆదరణ కూడికలు అయ్యాయి, చుట్టాలు పోయారు. కారు కార్ఖానాలో గోనెపట్టాల కింద పడి ఉంది. చాలా నెలలు నేను అటు పోలేదు. అమ్మేయమని నా తమ్ముడు అన్నాడు. అమ్మితే కొన్నవాడు మళ్లీ పందేలకు మారుస్తాడు, ఆయన చేసినదంతా ఊడబీకుతాడు. ఒక శనివారం పోయి పట్టాలు లాగేసి, "తాళాలు ఇవ్వండి చాచా" అన్నాను.

"ఒక్కదానివే పోతవా బేటీ? నేను కూసుంట పక్కన."

"ఎవరూ వద్దు" అన్నాను. ఆ సీట్లో ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేను.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటుతున్నాను. మిట్టమధ్యాహ్నం, ఎర్రటి ఎండ. నిజం చెబితే నేను రోడ్డు చూడటం లేదు. ఎడమవైపు ఖాళీ సీటు చూస్తున్నాను. కళ్లనిండా నీళ్లు. అంతలో కారు గట్టిగా కుదుపు ఇచ్చి, ఇంజను కొట్టుకుని ఆగిపోయింది. తలెత్తి చూస్తే బానెట్టుకు జానెడు దూరంలో ఒక ముసలాయన, చేతిలో పార్సిలు. రోడ్డు దాటుతూ బిగుసుకుపోయి నిలబడ్డాడు.

నా కుడికాలు యాక్సిలేటరు మీదే ఉంది. బ్రేకు పెడలు దానంతటది కిందికి దిగి ఉంది. నేను ఎడమకు చూశాను. కుట్టుమిషను పలక నేలకు అంటుకుని ఉంది. నేను చూస్తుండగానే మెల్లగా పైకి లేచింది, ఎవరో కాలు తీసినట్టు.

భయపడ్డానా అంటే లేదు. "ఏమండీ" అన్నాను. అంతే, ఏడుపు ఆగలేదు. వెనక బస్సువాడు హారను కొట్టి కొట్టి చివరికి తిట్టి పోయాడు.

చాచాకు చెబితే ముందు నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత కారు కింద పడుకుని వైరు, స్ప్రింగులు, గొట్టాలు అన్నీ విప్పాడు. కావాలని కుదిపి చూశాడు, సుత్తితో కొట్టి చూశాడు. పలక ఒక్కసారి కూడా కదల్లేదు. "అంతా బరాబర్ ఉంది. నాకైతే సమజ్ అయితలేదు" అన్నాడు.

నాకు సమజయింది. నాకు కావలసింది కూడా అదే. ఇక రోజూ బడినుంచి తిన్నగా కార్ఖానాకు వచ్చి కారు తీసేదాన్ని. మళ్లీ ఒక్కసారి ఆ పలక దిగితే చాలు. అదొక్కటే ధ్యాస. తిండి సయించేది కాదు. కానీ నేను జాగ్రత్తగా నడుపుతుంటే ఆయన ఎందుకు తొక్కుతారు?

అందుకని ఒక సాయంత్రం, ఏటా ఎగ్జిబిషన్ పెట్టే నుమాయిష్ మైదానానికి పోయాను. నుమాయిష్ లేని రోజుల్లో అక్కడ మనిషి ఉండడు. ఎదురుగా రాతి గోడ. గేరు వేసి తిన్నగా గోడ మీదికి పోనిచ్చాను. ఆయన ఉంటే ఆపుతారు. లేకపోతే... లేకపోతే అన్నది కూడా నాకు పెద్ద బెంగగా లేదు, ఆ రోజు.

గోడ రాళ్ల మధ్య సున్నం గీతలు కనబడుతున్నాయి. అప్పుడు పలక పడింది. ఎంత గట్టిగా అంటే, నా తల స్టీరింగుకు తగిలి కణత చిట్లింది. కారు గోడకు అడ్డంగా తిరిగి ఆగింది. రక్తం కారుతుంటే నేను నవ్వుతున్నాను.

నా వాలకం చూసి అనుమానంతో చాచా సైకిలు మీద వెంటే వచ్చాడట. అంతా గేటు దగ్గరనుంచి చూశాడు. వచ్చి నా వైపు తలుపు లాగి, నన్ను ఎప్పుడూ అనని మాటలన్నీ అన్నాడు.

"సావనీకి పోతున్నవా? రత్నంగాడు గిందుకా గింత పని చేసింది? ఎంతకాలం గట్ల కాలు పెట్టుకొని కూసోవాలె వాడు, జర చెప్పు! నువ్వు తలుపు తీయలే, వాడు దిగలే. గంతే!"

తలుపు మాట ఎందుకన్నాడో నాకు వెంటనే తెలిసింది. ఆ సందులో మిస్త్రీలకు ఒక ఆనవాయితీ ఉండేది. పని అయిన బండిని యజమాని నడుపుతుంటే మిస్త్రీ ఎడమవైపు కూర్చుని ఒక చక్కర్ కొట్టి వస్తాడు. పని నచ్చితే యజమాని దిగి, చుట్టూ తిరిగొచ్చి, తన చేత్తో మిస్త్రీ వైపు తలుపు తీస్తాడు. అప్పుడే మిస్త్రీ దిగుతాడు. అది మర్యాద. తీయలేదంటే పనిలో ఇంకేదో లోటుందని.

నేను ఒక్కనాడూ తీయలేదు. ఊరికే ఆటపట్టించడానికి. "ఇంకా హారను బాగాలేదు" అనో, "సీటు గుచ్చుకుంటోంది" అనో చెప్పి నేను దిగిపోయేదాన్ని. ఆయన ఎడమ తలుపు తను తీసుకోకుండా, నా సీటు మీదుగా పాక్కుంటూ నా తలుపునుంచి దిగేవారు. "తీస్తవ్ లే, ఏదో ఒకనాడు" అని నవ్వేవారు.

"తీయను చాచా" అన్నాను. "తీస్తే పోతారు."

చాచా కోపమంతా పోయింది. నా తలకు తన గుడ్డ కట్టి, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. "నాకు గూడ కొడుకే బేటీ వాడు" అన్నాడు. "అలసిపోయిండు. దిగనియ్యి."

ఆ మాట కాదనలేకపోయాను. బతికి ఉన్నప్పుడు కూడా ఆ మనిషి అలసిపోయానని నోరు తెరిచి చెప్పేవారు కాదు. నేనే చూసి పడుకోమనాల్సి వచ్చేది.

కారును కార్ఖానాకు నేనే నడిపాను, నెమ్మదిగా. చాచా సైకిలు మీద పక్కనే వచ్చాడు. ఇంకా వెలుతురు ఉంది. దిగి, చుట్టూ తిరిగి, ఎడమ తలుపు పిడి పట్టుకున్నాను. చివరికి తీశాను.

కారు ఎడమవైపు కొంచెం పైకి లేచింది. బరువైన మనిషి దిగితే మెత్తటి స్ప్రింగుల మీద బండి లేస్తుంది చూడండి, అలా. నేను ఒక్కదాన్నే చూస్తే నా కళ్లనే అనుమానించేదాన్ని. చాచా కూడా చూశాడు. తల మీద టోపీ సర్దుకుని, ఎవరికో దారి ఇస్తున్నట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కారు నడిపాను. గౌలిగూడ బస్సుల మధ్య, అబిడ్స్ జనంలో, వానలో, అన్నిట్లో. పలక మళ్లీ ఎప్పుడూ కదల్లేదు. వైరు ఎండకు బిగిసి ఉంటుందని ఒకరన్నారు. దుఃఖంలో నీ కాలే పడి ఉంటుంది, నీకు గుర్తులేదు అని మా పాస్టరుగారు అన్నారు. వాళ్ల చోట నేనుంటే అలాగే అనేదాన్ని. కానీ ఎడమ పలకను నా కాలు ఎలా దింపుతుందో ఎవరూ చెప్పలేదు. లెక్కల టీచర్ని, నాకూ ఇప్పటికీ తేలలేదు.

తేలకపోయినా ఫరవాలేదు. నా బాధ అది కాదు. దవాఖానలో నాకు ఒక్క మాట మాట్లాడే వీలు దొరకలేదు. ఆ సాయంత్రం దొరికింది. ఆయన ఆ సీట్లో ఉన్నారు, నేను తలుపు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాను. పని బాగుందనైనా చెప్పలేదు. "దిగండి" అన్నాను. అంతే అన్నాను.